పాప మెదడులో ఏవీఎం అన్నారు: ఆపరేషనా, గామా నైఫా, ఆగాలా?

మిర్యాలగూడ_నాన్న
అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నా, రాయడం ఇదే మొదలు. మా పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. పోయిన నెల బడిలో ప్రేయర్ టైంలో తల పట్టుకుని కూలబడిందట. వెంటనే వాంతి. టీచరమ్మ నీళ్లు తాగించబోతే ఎడమ చెయ్యి కొట్టుకోవడం మొదలైంది, పిలిస్తే పలకలేదు. నేను మిల్లు నుంచి వెళ్లేసరికి చెయ్యి ఆగింది గానీ పాప మత్తుగా ఉంది. మొదట చూపించిన చోట ఎండదెబ్బ అని సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి కూడా తలనొప్పి తగ్గలేదు, మళ్లీ వాంతి. మా బామ్మర్ది ఊరుకోలేదు, నల్లగొండ తీసుకుపోయి సీటీ తీయించాడు. తలలో కుడివైపు ముందు భాగంలో రక్తం కనిపించింది. ఆ రాత్రే అంబులెన్సులో హైదరాబాద్ పోయాం.

అక్కడ ఐసీయూలో పెట్టి, కాస్త కుదుటపడ్డాక ఎంఆర్‌ఐ తీసి ఏవీఎం అన్నారు. రక్తనాళాల అల్లిక తేడాగా ఉందట, అది చిట్లిందట. ఇప్పుడు ఇంట్లోనే ఉంది. నడుస్తుంది, మాట్లాడుతుంది, తింటుంది. ఎడమ చేతి వేళ్లలో పట్టు మాత్రం తగ్గింది, గౌను గుండీ పెట్టుకోలేకపోతోంది.

మా టెన్షన్ ఏమిటంటే ముగ్గురు మూడు మాటలు చెప్పారు. మొదటి ఆసుపత్రి వాళ్లు కొన్ని వారాలు ఆగి డీఎస్‌ఏ (రక్తనాళాల్లోకి మందు వదిలి తీసే ఎక్స్‌రే) పరీక్ష చేశాకే నిర్ణయం అంటున్నారు. రెండో చోట ఫైలు తిరగేసి ఐదు నిమిషాల్లో "వెంటనే ఆపరేషన్, రేపే అడ్వాన్స్ కట్టండి" అన్నారు. మూడో చోట కోత లేకుండా కిరణాలతో చేసే గామా నైఫ్ అన్నారు. ఎవరి మాట వినాలి? ఆగితే ఈలోపు మళ్లీ చిట్లితే? ఇంకో మాట, మాది మేనరికం. చుట్టాలంతా దానివల్లే అంటున్నారు. మా ఆవిడ సరిగ్గా అన్నం తిని చాలా రోజులైంది.

పాలమూరు_అక్క
తమ్ముడూ, ముందు నీ భార్యకు ఈ మాట చెప్పు: దీనికీ మేనరికానికీ సంబంధం లేదు. మా వాడికి ఏడేళ్లప్పుడు ఏవీఎం బయటపడింది. మాది బయటి సంబంధమే. మా అత్తగారు మాత్రం గ్రహణం రోజు నేను కూరగాయలు తరిగానని కనిపెట్టింది! ఎవరికి చేతనైంది వాళ్లు తల్లి మీద వేస్తారు. వాడిప్పుడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మా సంగతి తీరిగ్గా రాస్తా, ముందు ఆమెను తినమను.

మోడరేటర్
మొదటి పోస్టులో ఉన్న ఆసుపత్రుల పేర్లు తీసేశాను. అనుభవం రాయండి, పేర్లు వద్దు.

స్కాన్‌రూమ్_నల్లగొండ
నేను డాక్టరును కాను, స్కానింగ్‌లో టెక్నీషియన్‌ని. ఏళ్లుగా రోజూ చూసే విషయం కాబట్టి మీకు అర్థమయ్యేలా చెప్తా.

మీరు సాగర్ ఎడమ కాలువ కింద ఉన్నవాళ్లు. మెయిన్ కాలువ నుంచి మేజరుకు, మేజరు నుంచి తూము ద్వారా పిల్లకాలువకు, అక్కడి నుంచి మడిలోకి చేరేసరికి నీటి జోరు చచ్చిపోతుంది. మడి తడిశాక మిగిలినవి మెల్లగా వాగులో కలుస్తాయి. ఏవీఎం అంటే పిల్లకాలువలూ మడులూ లేకుండా మెయిన్ కాలువ తిన్నగా వాగులోకి గండి పడ్డట్టు. ధమనిలో ఉన్న ఒత్తిడంతా సన్నటి కేశనాళికల గుండా పోకుండా నేరుగా సిర మీద పడుతుంది. సిర గోడ పలచన, ఆ ఒత్తిడికి తయారైంది కాదు. ఏదో ఒక రోజు చిట్లుతుంది. ధమనులూ సిరలూ ఉండచుట్టుకుపోయిన ఆ ముద్దను నైడస్ అంటారు. మీరు డాక్టర్ల నోట ఈ మాట చాలాసార్లు వింటారు.

పిల్లల్లో తలకు దెబ్బ తగలకుండా మెదడులో రక్తం వచ్చిందంటే మొదట అనుమానించేది దీన్నే. సగానికి పైగా పిల్లల్లో ఇది ఇలా రక్తస్రావంతోనే బయటపడుతుంది. కొందరిలో ఫిట్స్‌తో, కొందరిలో వేరే దేనికో తీసిన స్కాన్‌లో.

ఇక ఆగడం సంగతి. సీటీ రక్తాన్ని చూపిస్తుంది, ఎంఆర్‌ఐ ముద్ద ఎక్కడుందో, చుట్టూ మెదడు ఎలా ఉందో చూపిస్తుంది. కానీ ఏ ధమని లోపలికి వస్తోంది, ఏ సిర బయటికి పోతోంది, మధ్యలో ఎక్కడైనా నాళం బుడగలా ఉబ్బి ఉందా అన్నది సరిగ్గా తేల్చేది డీఎస్‌ఏ ఒక్కటే. చిట్లిన కొత్తల్లో గడ్డకట్టిన రక్తం చుట్టూ నొక్కేస్తుంది, చిన్న నైడస్ అయితే ఆ ఒత్తిడికి మూసుకుపోయి డీఎస్‌ఏలో కూడా కనబడకపోవచ్చు. వాపు తగ్గాక సర్జన్‌కు కూడా ఏది మంచి మెదడో ఏది ముద్దో తేడా తెలుస్తుంది. అందుకే పాప నిలకడగా ఉంటే కొన్ని వారాలు ఆగుతారు. రక్తం మరీ ఎక్కువై ప్రాణం మీదికి వస్తే అప్పుడు ఆగరు, ముందు గడ్డ తీసేస్తారు. మీ పాప నడుస్తోంది, మాట్లాడుతోంది అంటున్నారు. ఆగమన్నవాళ్ల మాట నాకు సబబుగానే ఉంది. డీఎస్‌ఏ లేకుండా రేపే ఆపరేషన్ అన్నవాళ్లను మాత్రం ఒక్కటే అడగండి: "ఏ సిర గుండా బయటికి పోతోంది సార్?"

చండూరు_రైతు
మా దిక్కు నీళ్లల్లో ఫ్లోరైడ్ కదా, దాంతోనేమన్నా వస్తదా ఇది? మా ఊళ్లో ఒక పిల్లగానికి కూడా ఇట్లనే తలలో నరం చిట్లింది.

స్కాన్‌రూమ్_నల్లగొండ
లేదన్నా. ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ పాడుచేస్తుంది, నల్లగొండకు అది వేరే శాపం. 2018లో ఏవీఎం ముద్దల్లో కేఆర్‌ఏఎస్ అనే జన్యువులో మార్పు కనిపెట్టారు. అది ఆ నాళాల్లోనే వచ్చిన మార్పు, అమ్మానాన్నల నుంచి వచ్చింది కాదు. వంశంలో వచ్చేది అరుదుగా ఒకటుంది, హెచ్‌హెచ్‌టీ అంటారు. ఇంట్లో చాలామందికి తరచూ ముక్కు నుంచి రక్తం కారడం, పెదాల మీద ఎర్రటి చుక్కలు ఉంటే డాక్టరుకు చెప్పాలి. దానికి కూడా మేనరికం అక్కర్లేదు, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు.

గద్వాల్_మాస్టారు
ఒక జాగ్రత్త చెప్పాలి. మెదడులో రక్తనాళాల తేడా అని తెలుగులో చెప్పుకుంటూ పోతే అన్నీ ఒకటే అనిపిస్తాయి, కానీ కాదు. మా అబ్బాయికి వచ్చింది కేవర్నోమా. అందులో ధమని జోరు ఉండదు. పలచటి గోడల చిన్న చిన్న అరలలో రక్తం నిదానంగా నిలిచి ఉంటుంది, అప్పుడప్పుడు కొద్దిగా ఊరుతుంది. డీఎస్‌ఏలో అసలు కనిపించదు. ఎంఆర్‌ఐలో పాత రక్తపు మరకలు పట్టే ప్రత్యేకమైన సీక్వెన్సులో నల్లటి చుక్కలా పడుతుంది. మా వాడికి డీఎస్‌ఏ నార్మల్ అని వస్తే ఏమీ లేదని సంబరపడి ఊరికి వచ్చేశాం, మళ్లీ ఫిట్స్ వచ్చాక గానీ అసలు సంగతి తెలియలేదు.

ఏవీఎంకు చేసినట్టు నాళంలో జిగురు లాంటిది నింపి మూసేయడం, అదే గ్లూ ఎక్కించడం, కేవర్నోమాకు లేదు. ఇబ్బంది పెడితే తీసేస్తారు, లేకపోతే ఎంఆర్‌ఐతో కనిపెట్టుకుని ఉంటారు. ఒకటి కంటే ఎక్కువ కనిపిస్తే మాత్రం అది కుటుంబంలో నడిచే రకం కావచ్చు. నాకూ ఎంఆర్‌ఐ తీశారు, నా తలలో కూడా రెండున్నాయి! యాభై ఏళ్లు మోశాను, ఒక్క రోజు తలనొప్పి తెలియదు. కాబట్టి ఇక్కడ ఎవరన్నా "మా పిల్లాడికి ఇలా చేశారు" అని రాస్తే ముందు రోగం పేరు చూడండి.

దేవరకొండ_మామ
మిర్యాలగూడ అల్లుడూ, నా మాట విను. చెర్వుగట్టు అమావాస్యకు పోయి రాత్రి నిద్ర చెయ్యండి. మా అన్న కొడుకుకు మూర్ఛలు అక్కడే తగ్గినయి. కొండమల్లేపల్లి పక్కన పసరు పోసే ఆయన కూడా ఉన్నడు, ముక్కులో రెండు చుక్కలే. తల కొయ్యనిస్తే పిల్ల మనిషి కాదు మళ్ల.

సూర్యాపేట_సిస్టర్
పెద్దాయనా, చెర్వుగట్టుకు నేనూ పోతాను, గట్టెక్కి దండం పెట్టుకుంటే ఎవరూ కాదనరు. ముక్కులో పసరు మాత్రం వద్దు. నేను న్యూరో ఐసీయూలో చేస్తాను. పసరు ముక్కులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియాతో వచ్చిన పిల్లల్ని చూశాను. ఆ మంటకు పిల్ల గుక్కపట్టి ఏడిస్తే బీపీ ఎక్కడికి పోతుందో తెలుసా? ఈ మధ్యే చిట్లిన నాళం ఉన్న పిల్లకు అదసలు చేయకూడని పని.

మిర్యాలగూడ అన్నకు ఇంట్లో చూసుకోవాల్సినవి చెప్తా. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళం గుత్తి, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ, ఇవేవీ వద్దు. ఫోన్‌లో టైం చూడండి. ఐదు నిమిషాలకు ఆగకపోతే 108. ఫిట్స్ ఆపే మిడాజోలమ్ ముక్కు స్ప్రే ఇంట్లో పెట్టుకోవాలా అని మీ డాక్టర్ని అడిగి, ఎన్ని సార్లు కొట్టాలో చీటీ మీద రాయించుకోండి. ఒక చీటీ బడిలో కూడా ఇవ్వండి. తలనొప్పికి పారాసిటమాల్ వరకే. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి మెడికల్ షాపులో అడిగి వేయకండి. విరేచనం గట్టిగా కాకుండా చూసుకోండి, ముక్కడం మంచిది కాదు. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతి, మత్తు, మాట తడబడడం, వీటిలో ఏది కనిపించినా ఊళ్లో ఎవరికీ చూపించకుండా నేరుగా సీటీ ఉన్న చోటికి పోండి.

ఫిట్స్‌కు లెవెటిరాసిటమ్ సిరప్ ఇచ్చి ఉంటారు. దాంతో కొందరు పిల్లలు చీటికీమాటికీ చిరాకు పడతారు, వస్తువులు విసిరేస్తారు. అది మందు గుణం, పిల్ల పొగరు కాదు. కొట్టకండి. మందు మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకు చెప్తే మారుస్తారు.

మిర్యాలగూడ_నాన్న
సిస్టర్, సరిగ్గా అదే. నిన్న అన్నం పళ్లెం గిరాటేసింది. మా ఆవిడ చెయ్యెత్తింది కూడా. మీ పోస్టు చదివి వినిపించాను.

వనపర్తి_కుర్రాడు
నాదొక వేరే మాట. నాకు 26. తలనొప్పికి తీసిన స్కాన్‌లో ఏవీఎం కనిపించింది, చిట్లలేదు. నేను చాలా చదివాను. 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అరూబా అనే ట్రయల్ వచ్చింది. 223 మందిని చూశారు. మందులతో కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో స్ట్రోక్ లేదా మరణం 10 శాతం మందికి, ఆపరేషనో గ్లూవో రేడియేషనో చేయించుకున్నవాళ్లలో 30 శాతం మందికి. ట్రయల్‌నే మధ్యలో ఆపేశారు. నేనైతే ముట్టుకోనివ్వలేదు. మీరు కూడా తొందరపడొద్దు అన్నా, ఆసుపత్రులకు కావాల్సింది బిల్లు.

స్కాన్‌రూమ్_నల్లగొండ
తమ్మీ, నీ విషయంలో నువ్వు చేసింది తప్పని అనను. కానీ ఆ ట్రయల్ ఎవరి మీద జరిగిందో చూడు. 18 ఏళ్లు దాటినవాళ్లు, అసలు చిట్లని ఏవీఎంలు. ఈ పాపకు తొమ్మిదేళ్లు, చిట్లింది. రెండు షరతుల్లో ఒక్కటీ కలవదు. పైగా సగటున 33 నెలలే చూశారు. చికిత్సలో ఉన్న ప్రమాదం మొదట్లోనే వస్తుంది, వదిలేస్తే ఉన్న ప్రమాదం ఏళ్ల తరబడి పోగవుతుంది. చిట్లే ప్రమాదానికి మామూలుగా చెప్పే లెక్క ఏడాదికి 2 నుంచి 4 శాతం. ఒకసారి చిట్లాక మొదటి ఏడాది ఇంకా ఎక్కువ. యాభై ఏళ్ల మనిషికి ఆ లెక్క వేరు, ముందు అరవై డెబ్బై ఏళ్ల జీవితం ఉన్న పిల్లకు వేరు.

వనపర్తి_కుర్రాడు
వయసు సంగతి నిజమే, ఒప్పుకుంటా. కానీ బిల్లు మాట వెనక్కి తీసుకోను.

పాలమూరు_అక్క
బిల్లు మాటకు నేనూ అడ్డు చెప్పను. ఐదు నిమిషాల్లో అడ్వాన్స్ అడిగినవాళ్ల దగ్గరికి తమ్ముడు మళ్లీ పోకూడదనే నా మాట.

నకిరేకల్_మీసేవ
డబ్బుల సంగతి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలు చేశారు. ఆహార భద్రత కార్డులో పాప పేరు ఎక్కిందా లేదా ముందు చూసుకోండి. చాలామందికి పెద్దవాళ్ల పేర్లుంటాయి, పిల్లల పేర్లుండవు, అసలు అవసరం వచ్చిన రోజు తెలుస్తుంది. ఆధార్‌లో, కార్డులో పేరు ఒకేలా ఉండాలి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర అప్రూవల్ వచ్చాకే తేదీ ఖాయం చేసుకోండి. మెదడు కేసుల్లో కాయిల్స్, గ్లూ లాంటి సామాను ప్యాకేజీలో ఉందా, బయట కొనాలా అని రాతపూర్వకంగా అడగండి. సరిపోకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ అడగొచ్చు. దానికి ఆసుపత్రి ఇచ్చే ఎస్టిమేట్ ఒరిజినల్ కావాలి, ఎమ్మెల్యే ఆఫీసు నుంచి పంపిస్తారు. ఎల్‌ఓసీ అంటే వైద్యానికి ముందే మంజూరయ్యేది, బిల్లు కట్టేశాక పెట్టే అర్జీ వేరే. పంజాగుట్ట నిమ్స్‌లో చూపించుకునేవాళ్లు ఎక్కువగా ఈ దారిలోనే పోతారు. సర్కారు వైపు న్యూరోసర్జరీ, డీఎస్‌ఏ రెండూ ఉన్న పెద్ద దవాఖానల్లో అదొకటి, ఒక అభిప్రాయం అక్కడ తీసుకుంటే తప్పు లేదు. మిర్యాలగూడ నుంచి పోయేవాళ్లు పొద్దున ఓపీ చీటీ దొరకాలంటే ముందు రోజు రాత్రే చేరుకోవాలి.

మిర్యాలగూడ_నాన్న
కార్డులో పాప పేరు ఉంది, ఇంటిపేరు స్పెల్లింగ్ తేడా. మార్పించే పనిలో ఉన్నా. చాలా థాంక్స్ అన్నా.

స్కాన్‌రూమ్_నల్లగొండ
డీఎస్‌ఏ తేదీ ఇచ్చారా? పాపకు ఏం జరుగుతుందో ముందే చెప్పి తీసుకెళ్లండి. పిల్లలకు మత్తిచ్చే చేస్తారు. ముందు రాత్రి నుంచి ఖాళీ కడుపు, ఎన్ని గంటలో వాళ్లు చెప్తారు, దాని మీద ఒక్క బిస్కెట్ పెట్టినా ఆ రోజు కేసు క్యాన్సిల్. గజ్జల దగ్గర ధమనిలోంచి సన్నటి గొట్టం మెడ దాకా పంపి, మందు వదులుతూ వరసగా ఎక్స్‌రే ఫొటోలు తీస్తారు. మందు వదలకముందు తీసిన ఫొటోను తర్వాతి ఫొటోల్లోంచి కంప్యూటరు తీసేస్తుంది, ఎముక పోయి నాళాలు మాత్రమే మిగులుతాయి. ఈ మొత్తం పద్ధతికి తొలి రూపం 1927లో పోర్చుగల్‌లో ఎగాస్ మోనిజ్ చేసింది. అప్పట్లో మెడ దగ్గర కోసి ధమనిలో మందెక్కించేవాళ్లట. డీఎస్‌ఏ అయ్యాక కొన్ని గంటలు గొట్టం పెట్టిన కాలు మడవకుండా పడుకోవాలి. పిల్లల్ని అలా పడుకోబెట్టడమే అసలు పరీక్ష. ఫోన్‌లో బొమ్మలు నింపుకుని పోండి.

పాలమూరు_అక్క
మా సంగతి రాస్తానన్నా కదా. మా వాడికి ఉన్నది థాలమస్‌లో, అంటే మెదడు నట్టనడుమ. చిన్నదే, రెండు సెంటీమీటర్లకు తక్కువ. సర్జన్ గారు ఫిల్మ్ లైటు మీద పెట్టి, "దీని దగ్గరికి పోవాలంటే దారి పొడుగునా మంచి మెదడును దాటాలి, నేను చెయ్యనమ్మా" అన్నారు. చెయ్యనని చెప్పిన డాక్టరు మీద నాకు ఇప్పటికీ గౌరవం. అక్కడి నుంచి బెంగళూరు నిమ్హాన్స్ పంపారు. మా జడ్చర్ల నుంచి కర్నూలు మీదుగా ఒకటే రోడ్డు.

గామా నైఫ్ అంటే కత్తి కాదు. కోబాల్ట్ నుంచి వచ్చే సన్నటి కిరణాలు సుమారు రెండొందలు, చుట్టూ అన్ని వైపుల నుంచి వచ్చి ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. ఒక్కో కిరణం దారిలో చేసే హాని చాలా తక్కువ, కలిసిన చోట మాత్రం గట్టి దెబ్బ. తలకు ఫ్రేము బిగించారు, నుదుటి మీద రెండు, వెనక రెండు మేకుల గుర్తులు. మా వాడు చిన్నోడని మత్తిచ్చే చేశారు. మర్నాడు ఇడ్లీ తిన్నాడు. చూసినవాళ్లకు ఇంతేనా అనిపిస్తుంది.

ఇంతే కాదు తమ్ముడూ, అది నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ రోజుతో నాళాలు మూసుకోవు. గోడలు లోపల మెల్లగా మందమై మూసుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మూసుకునేదాకా చిట్లే ప్రమాదం అలాగే ఉంటుంది. మా వాడికి మూడేళ్ల దగ్గర డీఎస్‌ఏ చేసి పూర్తిగా మూసుకుంది అన్నారు. ఆ మధ్యకాలంలో వాడు కొంచెం తలనొప్పి అంటే చాలు, నేను బట్టల సంచి సర్దేదాన్ని. ఏడాదిన్నర దగ్గర చుట్టూ వాపు వచ్చి స్టెరాయిడ్ కూడా వాడాం. పైగా అందరికీ మూసుకోదు. చిన్న ముద్దలకు పది మందిలో ఏడెనిమిది మందికి పనిచేస్తుంది, పెద్దవాటికి అంతకంటే తక్కువ. మా వాడికి వేరే దారి లేదు కాబట్టి అది. నీ పాపకు ఆపరేషన్‌కు అందే చోట ఉంటే, కోత లేదు కదా అని మాత్రం గామా నైఫ్ వైపు పోకు.

మిర్యాలగూడ_నాన్న
డీఎస్‌ఏ అయింది. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు టైపు చేస్తున్నా: కుడి ఫ్రంటల్, నైడస్ 2.4 సెం.మీ., మిడిల్ సెరెబ్రల్ ధమని కొమ్మల నుంచి రెండు ఫీడర్లు (రక్తం తెచ్చే నాళాలు), పైవైపు సిరలోకే డ్రైనేజీ, లోతు సిరల్లోకి లేదు. "మోటార్ ఏరియాకు ఆనుకుని." గ్రేడ్ 2 అన్నారు. ఇది మంచిదా చెడ్డదా?

స్కాన్‌రూమ్_నల్లగొండ
1986 నుంచి వాడుతున్న స్పెట్జ్లర్–మార్టిన్ గ్రేడు అది. మూడే మూడు చూస్తారు. సైజు 3 సెంటీమీటర్ల లోపైతే ఒక మార్కు, 3 నుంచి 6 దాకా రెండు, పైన మూడు. మాట, కదలిక, చూపు లాంటి ముఖ్యమైన చోట ఉంటే ఒకటి. లోతు సిరల్లోకి పోతుంటే ఒకటి. మీకు సైజుకు 1, మోటార్ ఏరియా అంటే కదలిక చోటే కాబట్టి చోటుకు 1, సిరకు 0. మొత్తం 2. ఒకటి, రెండు గ్రేడులు సాధారణంగా ఆపరేషన్‌కు అనువైనవి. నాలుగు, ఐదు అయితే చాలాచోట్ల ముట్టుకోవడానికి ఆలోచిస్తారు.

పాలమూరు_అక్క
మా వాడిది చిన్నదే అయినా చోటుకొకటి, సిరకొకటి కలిసి మూడు పడింది. సైజొక్కటే చూస్తే మోసపోతాం.

మిర్యాలగూడ_నాన్న
డాక్టర్ గారు కూర్చోబెట్టి చెప్పారు. ముందు రోజు గొట్టం ద్వారా ఒక ఫీడర్‌లో గ్లూ లాంటి పదార్థం నింపి జోరు తగ్గిస్తారట, మర్నాడు మైక్రోస్కోపు కింద ముద్ద మొత్తం తీసేస్తారట. గ్లూ ఒక్కటే చేసి వదిలేయొచ్చు కదా అని అడిగాను. గ్లూతోనే పూర్తిగా మూసుకునేవి తక్కువని, కొంచెం మిగిలినా చిట్లే ప్రమాదం పోదని చెప్పారు. చేతి పట్టు కొన్నాళ్లు ఇంకా తగ్గొచ్చని కూడా దాచకుండా చెప్పారు. ఇంకో ఎంఆర్‌ఐ తీశారు, లోపల పడుకుని వేళ్లు ఒక్కొక్కటీ బొటనవేలికి తాకించమంటే మెదడులో ఎక్కడ వెలుగుతుందో చూస్తారట. పాప ఇంట్లో పది రోజులు అదే ప్రాక్టీసు. వాళ్ల తమ్ముడు కూడా తిరగలి చప్పుడు నోటితో చేస్తూ మిషన్ అయ్యాడు.

సూర్యాపేట_సిస్టర్
మంచి టీం దొరికింది. కన్సెంట్ ఫారం మీద సంతకానికి ముందు, రక్తం ఎవరిస్తారో ఇద్దరు ముగ్గుర్ని సిద్ధం చేసుకోండి. జుట్టు సంగతి పాపకు ముందే చెప్పండి. ఇప్పుడు గుండు మొత్తం చేయట్లేదు చాలాచోట్ల, కోత మేర ఒక పాయ తీస్తారు. అడిగి చూడండి, ఆడపిల్లకు అది చిన్న విషయం కాదు.

మిర్యాలగూడ_నాన్న
ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాం. మొత్తం తీసేశారు. డిశ్చార్జికి ముందు మళ్లీ డీఎస్‌ఏ చేసి ఏమీ మిగల్లేదని చూపించారు. మొదటి వారం ఎడమ చెయ్యి అసలు లేవలేదు, మా ఆవిడ ఏడుపు ఆపడం నావల్ల కాలేదు. ఇప్పుడు లేస్తుంది. ఫిజియో మేడం బంతులూ రబ్బరు బ్యాండ్లూ ఇచ్చింది, పాపకు వాటి మీద మనసు లేదు. మా అమ్మ వామనగుంటల పీట తీసింది. ఎడమ చేత్తోనే ఆడాలని షరతు. చింతగింజలు రెండు వేళ్లతో తియ్యలేక అరచేత్తో ఊడ్చేది, ఇప్పుడు ఒక్కొక్కటీ తీసి గుంటలో వేస్తోంది. కోపం వస్తే పీట బోర్లించేస్తుంది. ఫిట్స్ మందు డోసు తగ్గించాక ఆ కోపం కూడా కొంచెం నయం.

దేవరకొండ_మామ
మంచిమాట అల్లుడూ. గట్టు మీద నీ పేరున కొబ్బరికాయ కొట్టిన.

స్కాన్‌రూమ్_నల్లగొండ
సంతోషం అన్నా. ఒకటి మర్చిపోకు. పెద్దవాళ్లలో చివరి డీఎస్‌ఏ శుభ్రంగా ఉంటే దాదాపు కథ ముగిసినట్టే. పిల్లల్లో నాళాలు ఇంకా పెరిగే దశలో ఉంటాయి కాబట్టి అరుదుగా మళ్లీ రావచ్చు. అందుకే కొన్నేళ్ల పాటు ఎంఆర్‌ఐ, తర్వాత ఇంకోసారి డీఎస్‌ఏ అంటారు. ఎప్పుడెప్పుడన్నది మీ డాక్టరు చేత ఫైలు మీద రాయించుకో.

గద్వాల్_మాస్టారు
బడికి పంపేటప్పుడు హెడ్‌మాస్టర్‌కు ఒక పేజీ ఇవ్వండి: ఏమైంది, ఏ మందు, ఫిట్స్ వస్తే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. మా స్టాఫ్‌రూంలో ఆ కాగితం గోడకు అంటించి ఉంటుంది. పరుగులు, ఆటలు ఎప్పటి నుంచో డాక్టరు చెప్తారు. ఈత, చెట్లెక్కడం మాత్రం ఫిట్స్ మందు ఉన్నంతకాలం పక్కన పెద్దవాళ్లు లేకుండా వద్దు. పెన్సిల్ ఏ చేత్తో పడుతుంది?

మిర్యాలగూడ_నాన్న
కుడి చేత్తోనే సార్. రాతకు ఇబ్బంది లేదు. జడ వేసుకోవడమే కష్టం.

నాగర్‌కర్నూల్_ఆటో
అన్నలూ, ఇవన్నీ చదివి నాకు నిద్ర పట్టట్లేదు. మా బాబుకు ఆరేళ్లు. మెట్ల మీద పడితే తల స్కాన్ తీశారు. దెబ్బకేం కాలేదు కానీ డీవీఏ అని రాశారు. రక్తనాళాల తేడా అని మా ఊరి ఆర్‌ఎంపీ చెప్పిండు. హైదరాబాద్ పోయి తీయించమంటున్నడు. ఆటో అమ్మాల్నా?

స్కాన్‌రూమ్_నల్లగొండ
ఆటో అమ్మకు తమ్మీ! డీవీఏ అంటే ఒక సిర మామూలు దారిలో కాకుండా కొంచెం వేరే తీరులో అల్లుకుని ఉండడం. ఎంతోమందికి ఉంటుంది, తెలియకుండానే బతికేస్తారు. ఆ చుట్టుపక్కల మంచి మెదడు నుంచి రక్తం బయటికి పోయే దారి అదే. దాన్ని తీస్తేనే ప్రమాదం, అందుకే ఎవరూ ముట్టుకోరు. దాని పక్కన అప్పుడప్పుడు కేవర్నోమా ఉంటుంది, అది లేదని చూసుకుంటే చాలు. రిపోర్టు చివర ఇంప్రెషన్ కింద ఏముందో అక్షరం పోకుండా టైపు చెయ్యి.

నాగర్‌కర్నూల్_ఆటో
మా మరదలు చదివి చెప్పింది: ఎడమ పక్క డీవీఏ, పక్కన కేవర్నోమా లేదు, పాత రక్తం గుర్తులు లేవు, పుర్రె ఎముక విరగలేదు.

స్కాన్‌రూమ్_నల్లగొండ
అయితే డీవీఏకు మందూ వద్దు, ఆపరేషనూ వద్దు. ఒకసారి జిల్లా దవాఖానలో పిల్లల డాక్టరుకు ఈ రిపోర్టు చూపించి ఆ మాటే రాయించుకో. ఆర్‌ఎంపీ మళ్లీ అడిగితే ఆ కాగితం చూపించు.